గుడ్డు - వెనిగర్ ప్రయోగం

గుడ్డు - వెనిగర్ ప్రయోగం అనేది కోడిగుడ్డును వెనిగర్‌లో నానబెట్టి, పగలగొట్టకుండానే దాని పెంకును కరిగించే ఒక సులభమైన విజ్ఞానశాస్త్ర ప్రయోగం. ఒకటి రెండు రోజులలో గట్టి పెంకు పూర్తిగా కరిగిపోయి, పలుచని పొరలో నిలిచి ఉన్న మెత్తని గుడ్డు మిగులుతుంది. దీనిని "పెంకు లేని గుడ్డు" అనీ, "రబ్బరు గుడ్డు" అనీ వ్యవహరిస్తారు. ఈ గుడ్డును నీటిలో ఉంచితే ఉబ్బుతుంది, చిక్కని పంచదార పాకంలో ఉంచితే ముడుచుకుపోతుంది.

ఈ ప్రయోగంలో రెండు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నాయి. పెంకు కరగడం ఒక రసాయన మార్పు. గుడ్డు ఉబ్బడం, ముడుచుకోవడం ద్రవాభిసరణం అనే భౌతిక ప్రక్రియ ఫలితం. రెండూ ఒకే పాత్రలో ఒకేసారి జరుగుతాయి కావున వీటిని ఒకటిగా భావించే అవకాశం ఉంది. వీటిని విడదీసి చూడడమే ఈ ప్రయోగంలో ముఖ్యమైన పాఠం.

గుడ్డు పెంకు నిర్మాణం

సుమారు 60 గ్రాముల బరువు గల కోడిగుడ్డులో పెంకు బరువు దాదాపు 6 గ్రాములు ఉంటుంది. పెంకు మందం 0.3 నుండి 0.4 మిల్లీమీటర్లు. పెంకులో సుమారు 94 శాతం కాల్షియం కార్బొనేట్. మిగిలిన భాగంలో కొద్దిగా మెగ్నీషియం కార్బొనేట్, కాల్షియం ఫాస్ఫేట్, మాంసకృత్తులు ఉంటాయి. సున్నపురాయి, పాలరాయి, ఆల్చిప్పలు, ముత్యాలు కూడా ప్రధానంగా కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడినవే.

పెంకు చూడడానికి నున్నగా, సందులేనిదిగా కనిపించినా దానిలో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గుడ్డులో ఇవి సుమారు 7,000 నుండి 17,000 వరకు ఉంటాయి. లోపల పెరిగే పిల్లకు ప్రాణవాయువు అందేదీ, కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి బయటకు పోయేదీ ఈ రంధ్రాల గుండానే.

పెంకు లోపలి వైపున రెండు పలుచని పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఇవి మాంసకృత్తుల నారలతో అల్లిన వల వంటివి. గుడ్డు మొద్దు కొన వద్ద మాత్రం ఈ రెండు పొరలు విడిపోయి, వాటి మధ్య గాలిగది ఏర్పడుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిచేటప్పుడు పెంకుతో పాటు ఊడివచ్చే తెల్లని కాగితం వంటి పదార్థం ఈ పొరలే.

కోడి శరీరంలో గుడ్డు తయారు కావడానికి సుమారు 24 నుండి 26 గంటల సమయం పడుతుంది. ఇందులో దాదాపు 20 గంటలు పెంకు ఏర్పడడానికే సరిపోతుంది. ఒక్కొక్క పెంకు కొరకు కోడి సుమారు 2 గ్రాముల కాల్షియంను వినియోగిస్తుంది. అందువలన గుడ్లు పెట్టే కోళ్ళ మేతలో సున్నపురాయి నలుసులు, గుల్లల పొడి కలుపుతారు. పెంకులోని కార్బొనేట్ భాగం కోడి రక్తంలోని బైకార్బొనేట్ నుండి వస్తుంది. ఎండాకాలంలో కోళ్ళు వేడికి తాళలేక రొప్పుతాయి. అప్పుడు రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువగా బయటకు పోయి పెంకుకు కావలసిన కార్బొనేట్ తగ్గుతుంది. వేసవిలో పెంకులు పలుచబడడానికి ఇది ఒక కారణం.

కావలసిన వస్తువులు

* పచ్చి కోడిగుడ్లు రెండు (పగుళ్ళు లేనివి)
* తెల్లని వెనిగర్ సుమారు అర లీటరు
* మూత ఉన్న గాజు గ్లాసులు లేదా వెడల్పు మూతి గాజు సీసాలు రెండు
* పంచదార, మంచినీరు
* గరిటె లేదా పెద్ద చెంచా
* వంటింటి త్రాసు. అది లేనిచో దారం, స్కేలు

వెనిగర్ అంటే ఎసిటిక్ ఆమ్లం కలిసిన నీరు. హైదరాబాదు ప్రాంతంలో దీనికి సిర్కా అనే ఉర్దూ మాట కూడా వాడుకలో ఉంది. కిరాణా దుకాణాలలో సీసాలలో దొరికే వెనిగర్‌లో సాధారణంగా 4 నుండి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. మిగిలినది దాదాపు అంతా నీరే. ఈ విషయం ప్రయోగ ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి అవసరం.

ప్రయోగ విధానం

మొదటి దశ: పెంకును కరిగించడం

1. రెండు గుడ్లను విడివిడిగా తూచి బరువు వ్రాసుకోవాలి. త్రాసు లేనిచో గుడ్డు నడుము చుట్టూ దారం చుట్టి, ఆ దారం పొడవును స్కేలుతో కొలవాలి.
2. ఒక్కొక్క గుడ్డును ఒక్కొక్క గ్లాసులో ఉంచి, గుడ్డు పూర్తిగా మునిగే వరకు వెనిగర్ పోయాలి.
3. గ్లాసుపై మూతను వదులుగా ఉంచాలి. బిగించరాదు.
4. కొద్ది నిమిషాలలోనే పెంకు మీద సన్నని బుడగలు ఏర్పడతాయి. బుడగలు ఎక్కువగా అంటుకున్నప్పుడు గుడ్డు పైకి తేలి, అవి పగిలిపోగానే తిరిగి మునగడం కనబడవచ్చు.
5. 24 గంటల తరువాత పాత వెనిగర్‌ను పారబోసి, కొత్త వెనిగర్ పోయాలి.
6. మరొక 24 గంటల తరువాత గుడ్డును గరిటెతో మెల్లగా తీసి, కుళాయి నీటి సన్నని ధార క్రింద వ్రేళ్ళతో సున్నితంగా రుద్దాలి. మిగిలిన తెల్లని పొడి కడుక్కుపోతుంది.
7. గుడ్డు తడి ఒత్తి మరల తూచాలి.

గోధుమ రంగు గల నాటుకోడి గుడ్డును వాడినచో ఆ రంగు తెట్టుగా విడిపోయి పైకి తేలుతుంది. ఆ రంగు పదార్థం ఎక్కువ భాగం పెంకు పైభాగంలోనే ఉండడం దీనికి కారణం.

పెంకు లేని గుడ్డును చీకటి గదిలో టార్చిలైటుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి పచ్చసొన నీడవలె కదులుతూ కనిపిస్తుంది.

రెండవ దశ: ఉబ్బడం, ముడుచుకోవడం

1. ఒక గుడ్డును మంచినీటిలోను, రెండవ దానిని చిక్కని పంచదార పాకంలోను ఉంచాలి. పాకం కొరకు ఒక గ్లాసు వేడినీటిలో రెండు గ్లాసుల పంచదార కరిగించి, పూర్తిగా చల్లారిన తరువాతనే వాడాలి.
2. పాకంలో గుడ్డు తేలుతుంది. అప్పుడప్పుడు మెల్లగా తిప్పుతూ ఉండాలి.
3. 24 గంటల తరువాత రెండింటినీ తీసి, కడిగి, తూచాలి.
4. పాకంలో ముడుచుకున్న గుడ్డును మంచినీటిలో మరొక రోజు ఉంచాలి. అది తిరిగి ఉబ్బుతుంది.

ప్రతి దశలోను బరువు వ్రాసుకొనడం తప్పనిసరి. కంటికి "పెద్దదైనట్లు" తోచడం వేరు, త్రాసు మీద ఎన్ని గ్రాములు పెరిగినదీ తెలియడం వేరు.

జరిగే రసాయన చర్య

వెనిగర్‌లోని ఆమ్లం పెంకులోని కార్బొనేట్‌తో చర్య జరుపుతుంది. దీనిని మాటలలో ఇలా వ్రాయవచ్చు:

కాల్షియం కార్బొనేట్ + ఎసిటిక్ ఆమ్లం → కాల్షియం ఎసిటేట్ + నీరు + కార్బన్ డై ఆక్సైడ్

బుడగలుగా వెలువడేది కార్బన్ డై ఆక్సైడ్. కాల్షియం ఎసిటేట్ నీటిలో కరిగే లవణం కావున ద్రవంలో కలిసిపోతుంది. కాబట్టి పెంకు "మాయం" కాలేదు. కొంత వాయువుగా గాలిలోకి, మిగిలినది లవణంగా ద్రవంలోకి చేరింది. వాడిన వెనిగర్‌ను వెడల్పాటి పళ్ళెంలో పోసి ఎండలో ఆరబెడితే అడుగున తెల్లని పదార్థం మిగలడం చూడవచ్చు.

వెలువడే వాయువును గుర్తించడానికి సున్నపు తేట ఉపయోగపడుతుంది. తాంబూలంలో వాడే సున్నాన్ని నీటిలో కలిపి, మడ్డి దిగిన తరువాత పైన తేరిన నీటిని తీసుకోవాలి. గుడ్డు ఉన్న సీసా నుండి సన్నని గొట్టం ద్వారా వాయువును ఈ తేటలోకి పంపితే అది పాలవలె తెల్లబడుతుంది. అలా తెల్లబడడానికి కారణం తేటలో కొత్తగా ఏర్పడిన కాల్షియం కార్బొనేట్. అంటే పెంకు ఏ పదార్థంతో తయారైనదో ఆ పదార్థమే రెండవ పాత్రలో మరల పుట్టింది.

ఎంత వెనిగర్ కావాలి?

6 గ్రాముల పెంకులో సుమారు 5.5 గ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. ఇది పూర్తిగా కరగడానికి సుమారు 6.6 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం అవసరం. 4 శాతం వెనిగర్‌లో 100 మిల్లీలీటర్లకు 4 గ్రాముల ఆమ్లం ఉంటుంది కావున ఒక గుడ్డుకు కనీసం 165 మిల్లీలీటర్ల వెనిగర్ కావాలి. 5 శాతం వెనిగర్ అయితే సుమారు 130 మిల్లీలీటర్లు చాలు. పైగా ఆమ్లం ఖర్చయ్యే కొద్దీ చర్య నెమ్మదిస్తుంది. చిన్న గ్లాసులో గుడ్డు పోగా మిగిలిన చోటులో ఇంత వెనిగర్ పట్టదు. కొందరికి పెంకు సగమే కరిగి ఆగిపోవడానికి, రెండవ రోజు వెనిగర్ మార్చాలని చెప్పడానికి కారణం ఇదే.

ఇంత పెంకు నుండి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 1.3 లీటర్ల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. చిన్న సీసాకు గట్టిగా మూత బిగిస్తే లోపల పీడనం పెరిగి సీసా పగలవచ్చు.

ఇతర పులుపు పదార్థాలు

తెలుగువారి వంటింటిలో వెనిగర్ కంటే చింతపండు, నిమ్మకాయ ఎక్కువగా అందుబాటులో ఉంటాయి. వీటితో కూడా బుడగలు వస్తాయి కానీ ఫలితం అంత బాగుండదు. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం వలన కాల్షియం సిట్రేట్, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం వలన కాల్షియం టార్ట్రేట్ ఏర్పడతాయి. ఈ రెండు లవణాలు నీటిలో చాలా తక్కువగా కరుగుతాయి. అవి పెంకు మీదనే తెల్లని పూతగా పేరుకుని చర్యను నెమ్మదింపజేస్తాయి. కాల్షియం ఎసిటేట్ బాగా కరుగుతుంది కావున వెనిగర్ ఈ పనికి తగినది.

ద్రవాభిసరణం

మొదటి దశ చివర గుడ్డును తూచినప్పుడు ఒక వింత కనబడుతుంది. 6 గ్రాముల పెంకు పోయినా గుడ్డు బరువు తగ్గకపోగా పెరుగుతుంది. పెంకు పోయిన తరువాత మిగిలిన పొర గుండా నీటి అణువులు సులభంగా అటూ ఇటూ పోగలవు. తెల్లసొనలోని మాంసకృత్తుల అణువులు చాలా పెద్దవి కావున బయటకు రాలేవు. ఇటువంటి పొరను పాక్షిక పారగమ్య పొర అంటారు.

కరిగిన పదార్థం తక్కువగా, నీరు ఎక్కువగా ఉన్న వైపు నుండి, కరిగిన పదార్థం ఎక్కువగా, నీరు తక్కువగా ఉన్న వైపునకు ఇటువంటి పొర గుండా నీరు ప్రవహించడాన్ని ద్రవాభిసరణం అంటారు. ద్రవ, అభిసరణం అనే రెండు పదాల కలయిక ఇది. అభిసరణం అంటే ఎదురుగా పోవడం.

* తెల్లసొనలో నీరు సుమారు 88 శాతం. వెనిగర్‌లో నీరు సుమారు 95 శాతం. కావున నీరు లోనికి పోయి గుడ్డు ఉబ్బుతుంది.
* మంచినీటిలో కరిగిన పదార్థం దాదాపు ఏమీ లేదు. కావున గుడ్డు మరింత ఉబ్బుతుంది.
* చిక్కని పంచదార పాకంలో నీరు సుమారు మూడవ వంతు మాత్రమే. కావున నీరు గుడ్డు నుండి బయటకు వచ్చి, పొర ముడతలు పడుతుంది.

పాకానికి బదులు ఉప్పునీరు వాడినచో ఫలితం అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. ఉప్పు కణాలు చిన్నవి కావున అవి కూడా కొంతవరకు పొర గుండా లోనికి పోతాయి. ఈ పొర నీటిని మాత్రమే పోనిచ్చే జల్లెడ కాదు. పెద్ద అణువులను ఆపి చిన్నవాటిని వదిలే జల్లెడ.

చరిత్ర

వెనిగర్‌కు పెంకును మెత్తబరిచే గుణం ఉందని ప్రాచీనులకు తెలుసు. క్రీస్తు శకం మొదటి శతాబ్దికి చెందిన రోమన్ రచయిత ప్లినీ, వెనిగర్‌లో నానిన గుడ్డు ఉంగరంలో నుండి దూరగలిగేంత మెత్తబడుతుందని తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో పేర్కొన్నాడు. ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఖరీదైన ముత్యాన్ని వెనిగర్‌లో కరిగించి త్రాగినదన్న ప్రసిద్ధమైన కథ కూడా ఆ గ్రంథంలోనిదే. ముత్యం కూడా ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ అన్న విషయం ఈ కథకు ఆధారం.

ద్రవాభిసరణాన్ని మొదట నమోదు చేసినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ ఆంత్వాన్ నొలే. 1748లో ఆయన ఒక పాత్రను సారాయితో నింపి, మూతిని పంది మూత్రాశయపు పొరతో బిగించి నీటిలో ఉంచాడు. నీరు లోనికి చేరి పొర ఉబ్బింది. 1820లలో అంరీ ద్యూత్రోషే ఈ ప్రక్రియను వివరంగా పరిశీలించాడు. 1877లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ ద్రవాభిసరణ పీడనపు కొలతలను ప్రచురించాడు. ఆ కొలతల ఆధారంగా సూత్రాలను రూపొందించిన డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కు 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి లభించింది.

తరచుగా వినిపించే తప్పుడు వివరణలు

* "వెనిగర్ వలన గుడ్డు రబ్బరుగా మారుతుంది." మారదు. సాగే గుణం గల పొర గుడ్డులో మొదటి నుండి ఉన్నదే. గట్టి పెంకు దానిని కప్పి ఉంచినది. అయితే పొర గుండా కొంత ఆమ్లం లోనికి పోవడం వలన తెల్లసొన కొద్దిగా చిక్కబడి మసకబారవచ్చు.
* "గుడ్డు ఒకే కణం, ఈ పొర కణత్వచం." ఇది పాఠాలలో కూడా దొర్లే పొరపాటు. కోడి గర్భంలో కణంగా చెప్పదగినది పచ్చసొన భాగమే. దానికి వేరే పలుచని పొర ఉంది. తెల్లసొన, పెంకు లోపలి పొరలు, పెంకు ఆ తరువాత అండవాహికలో ఒకదాని తరువాత ఒకటి చేరినవి. కావున ఈ ప్రయోగంలోని పొర కణత్వచానికి ఒక నమూనా మాత్రమే.
* "ఫ్లోరైడ్ టూత్‌పేస్టు పూసిన గుడ్డు కరగకపోతే, పళ్ళకు కూడా అదే రక్షణ అని ఋజువైనట్లే." పంటి పింగాణి ఒక విధమైన కాల్షియం ఫాస్ఫేట్. పెంకు కాల్షియం కార్బొనేట్. పదార్థాలు వేరు కావున ఒకదాని ఫలితాన్ని రెండవదానికి నేరుగా అన్వయించరాదు. పేస్టు పూత ఆమ్లానికి కేవలం అడ్డుగా కూడా పనిచేసి ఉండవచ్చు.

"ప్లాస్టిక్ గుడ్డు" వదంతి

2017లో కోల్‌కతాలో మొదలై దేశంలోని పలు ప్రాంతాలలో "ప్లాస్టిక్ గుడ్లు అమ్ముతున్నారు" అనే ప్రచారం సాగింది. పెంకు లోపల ప్లాస్టిక్ కాగితం వంటి పొర ఉందని, దానిని కాలిస్తే కాలుతుందని, పచ్చసొన వెంటనే చెదిరిపోతుందని ఆధారాలుగా చూపారు. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఇది అపోహ మాత్రమేనని వివరణ ఇచ్చింది. మధ్యాహ్న భోజనంలోను, అంగన్‌వాడీ కేంద్రాలలోను పిల్లలకు గుడ్డు పెట్టే ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలలో ఇటువంటి ప్రచారాన్ని తేలికగా తీసుకోరాదు. భయపడి గుడ్డు మానివేస్తే నష్టపోయేది పిల్లల పోషణ.

చూపిన ఆధారాలకు ఈ ప్రయోగం ద్వారా సమాధానం లభిస్తుంది.

* కాగితం వంటి పొర ప్రతి గుడ్డులోను ఉంటుంది. అది మాంసకృత్తులతో ఏర్పడినది కావున వెంట్రుకవలె కాలుతుంది, అదే విధమైన కమురు వాసన వేస్తుంది.
* పచ్చసొన చెదరడం పాతబడిన గుడ్డు లక్షణం. నిలువ ఉన్నప్పుడు, ముఖ్యంగా ఎండ వేడిమిలో, పెంకు రంధ్రాల గుండా కార్బన్ డై ఆక్సైడ్ బయటకు పోయి తెల్లసొన పలుచబడుతుంది. పచ్చసొన చుట్టూ ఉన్న పొర కూడా బలహీనపడుతుంది.
* ప్లాస్టిక్ పెంకును వెనిగర్‌లో వేస్తే బుడగలు రావు, అది కరగదు.

వెనిగర్‌లో బుడగలు రావడం వలన తెలిసేది పెంకులో కార్బొనేట్ ఉందని మాత్రమే. దానితో పాటు లోపలి పొర, మొద్దు కొన వద్ద గాలిగది, పచ్చసొనను ఇరువైపులా పట్టి ఉంచే మెలి తిరిగిన తెల్లని త్రాళ్ళు కూడా కనబడితే అది కోడి పెట్టిన గుడ్డే అనడంలో సందేహం ఉండదు. వీటన్నిటినీ ఎవరైనా ఇంటిలోనే స్వయంగా చూసుకొనవచ్చు.

నిత్యజీవితంలో ఇదే సూత్రం

మాగాయ పచ్చడి పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఊరవేస్తారు. ముక్కల నుండి నీరు బయటకు వచ్చి ఊట ఏర్పడుతుంది. తరువాత ముక్కలను పిండి ఎండబెట్టి, తిరిగి ఆ ఊటలో వేస్తారు. పాకంలో గుడ్డు ముడుచుకోవడానికి, ఉప్పులో ముక్క నీరు వదలడానికి కారణం ఒక్కటే. ఎండుద్రాక్ష నీటిలో నానబెడితే ఉబ్బడం దీనికి వ్యతిరేక దిశలో జరిగే ప్రక్రియ. సెలైన్‌ను శుద్ధమైన నీటితో కాక 0.9 శాతం ఉప్పుతో తయారు చేయడానికి కూడా కారణం ఇదే. కేవలం నీరు ఎక్కితే ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగులుతాయి.

ఆమ్ల చర్యకు కూడా ఉదాహరణలు సమీపంలోనే ఉన్నాయి. తాండూరు, కడప బండలు సున్నపురాతి జాతికి చెందినవి. వాటిపై నిమ్మరసం, వెనిగర్ ఒలికితే నునుపు పోయి మచ్చ పడుతుంది. మంగంపేట గనులలో లభించే ముగ్గురాయి మాత్రం బేరియం సల్ఫేట్. దానిలో కార్బొనేట్ లేదు కావున వెనిగర్ వేసినా బుడగలు రావు. తెల్లగా ఉన్న ప్రతి రాతిపొడీ సున్నం కాదని చూపడానికి ఇది మంచి పరీక్ష.

గాలిలో పెరుగుతున్న కార్బన్ డై ఆక్సైడ్‌లో కొంత భాగం సముద్రంలో కరుగుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉన్న సముద్ర ఉపరితల జలాల పి.హెచ్. విలువ ఇప్పుడు 8.1కి చేరువలో ఉంది. సముద్రపు నీరు ఇప్పటికీ క్షారగుణం గలదే. అది వెనిగర్ వంటిది కాదు. అయినా ఈ మార్పు వలన పగడపు జీవులు, ఆల్చిప్పలు తమ కాల్షియం కార్బొనేట్ కవచాలను నిర్మించుకొనడం కష్టమవుతుంది.

అనుబంధ ప్రయోగాలు

* ఉడికించిన గుడ్డు: పెంకుతో ఉన్న ఉడికిన గుడ్డును వెనిగర్‌లో ఉంచినా పెంకు కరుగుతుంది. లోపల గట్టిపడి ఉంటుంది కావున రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుండి వదిలితే కొద్దిగా ఎగురుతుంది.
* కోడి ఎముక: శుభ్రం చేసిన సన్నని కోడి ఎముకను వారం రోజులు వెనిగర్‌లో ఉంచితే వంగుతుంది. ఎముకకు గట్టిదనాన్నిచ్చే కాల్షియం లవణాలు కరిగి, మాంసకృత్తు భాగం మిగలడం దీనికి కారణం. ఎముకలో ప్రధానమైన లవణం ఫాస్ఫేట్ కావున ఇక్కడ బుడగలు అంతగా రావు.
* రంగు నీరు: పెంకు లేని గుడ్డును మిఠాయి రంగు కలిపిన నీటిలో ఉంచి, మరునాడు పళ్ళెంలో పగలగొట్టి చూస్తే రంగు ఎంతవరకు లోనికి చేరినదీ తెలుస్తుంది.
* పోలిక గుడ్డు: ఒక గుడ్డును వెనిగర్‌లోను, ఒక గుడ్డును పెంకుతోనే మంచినీటిలోను ఒకే సమయంలో ఉంచాలి. పెంకు కరగడానికి కారణం నీరు కాదని, ఆమ్లమేనని దీని వలన రూఢి అవుతుంది.

జాగ్రత్తలు

* ప్రయోగంలో వాడిన గుడ్డును తినరాదు. గది ఉష్ణోగ్రతలో రోజుల తరబడి ఉన్న పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా వంటి హానికర బాక్టీరియా పెరగవచ్చు.
* గుడ్డును తాకిన ప్రతిసారి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గుడ్డు సరిపడని పిల్లలు దీనిని తాకరాదు.
* పాత్రకు మూత గట్టిగా బిగించరాదు.
* గాజు పాత్రలే వాడాలి. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు ఆమ్లం వలన పాడవుతాయి.
* త్వరగా కరగాలని గాఢ ఎసిటిక్ ఆమ్లాన్ని గాని, స్నానాల గది శుభ్రపరిచే యాసిడ్‌ను గాని ఇంటిలో వాడరాదు. ఇవి చర్మాన్ని, కళ్ళను కాలుస్తాయి.
* చిన్నపిల్లలు పెద్దల సమక్షంలోనే చేయాలి. పెంకు లేని గుడ్డును పళ్ళెం మీదనే పట్టుకోవాలి. పొర చిరిగితే లోపలి సొన ఒక్కసారిగా చిమ్ముతుంది.

పాఠశాల విద్యలో

ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకంలో, జీవకణాన్ని గురించిన పాఠంలో, ద్రవాభిసరణాన్ని వివరించడానికి గుడ్డు ప్రయోగాన్ని కృత్యంగా ఇచ్చారు. అందులో పెంకును కరిగించడానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని సూచించారు. ప్రయోగశాల లేని పాఠశాలలలోను, ఇళ్ళలోను దానికి బదులు వెనిగర్ వాడవచ్చు. సమయం ఎక్కువ పడుతుంది కానీ అపాయం తక్కువ.

ఆమ్లాలు - కార్బొనేట్ల చర్య, వాయువుల గుర్తింపు, ద్రవ్యనిత్యత్వం, త్వచాల గుండా పదార్థాల రవాణా అనే వేర్వేరు పాఠాలను ఒకే గుడ్డుతో బోధించే వీలుండడం దీని ప్రత్యేకత. ఫలితం ముందే చెప్పక, పెంకు పోయిన గుడ్డు బరువు తగ్గుతుందో పెరుగుతుందో విద్యార్థులచే ముందుగా ఊహింపజేసి, తరువాత తూయించడం మంచి పద్ధతి. ఎక్కువమంది తగ్గుతుందనే ఊహించడం సహజం. త్రాసు చూపే సంఖ్య అందుకు భిన్నంగా ఉన్నప్పుడు, ఆ తేడాకు కారణం వెదకడంతో రెండవ పాఠం మొదలవుతుంది.

ఇవి కూడా చూడండి

* గుడ్డు
* వెనిగర్
* కాల్షియం కార్బొనేట్
* కార్బన్ డై ఆక్సైడ్
* ద్రవాభిసరణం
* సున్నపురాయి